విదేశాల్లో యువతకు ఆరోగ్య విద్య చెప్పే వాలంటీరుగా వెళ్ళాలంటే: లక్షా అరవై వేలు కట్టాలా?

ప్రశ్న క్లుప్తంగా ఇది: "మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలం. బీఎస్సీ నర్సింగ్ అయింది, వయసు 23. శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఏడాదిగా చేస్తున్నాను. విదేశాల్లో టీనేజీ పిల్లలకు ఆరోగ్యం గురించి చెప్పే వాలంటీరుగా వెళ్ళాలని కోరిక. ఒక సంస్థవాళ్ళు ఘనాలో నాలుగు వారాలకు లక్షా అరవై వేలు కట్టమంటున్నారు, టికెట్ మనదే. అమ్మానాన్న వద్దంటున్నారు, సంబంధాలు కూడా చూస్తున్నారు. కట్టమంటారా? వేరే దారి ఏదైనా ఉందా? అప్పా, మీరు ఆఫ్రికాలో ఈ పని చేశారని తెలిసి అడుగుతున్నాను."

అప్పా అన్నావు (మన వైపు అక్కని అలాగే పిలుస్తాం) కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు. ముందు డబ్బు సంగతి తేల్చేద్దాం: కట్టకు. సరదాగా ఘనా చూసి రావాలనుకుంటే అది వేరే మాట, నీ డబ్బు నీ ఇష్టం. కానీ నువ్వు అడిగింది పని గురించి. నాలుగు వారాల్లో ఆ పని జరగదు. వాళ్ళు నీకు అమ్మేది మంచి ఫొటోలు, ఒక సర్టిఫికెట్.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. మాది విజయనగరం. ఒక ఏరియా ఆసుపత్రిలో కౌమార ఆరోగ్య క్లినిక్‌లో కౌన్సెలర్‌గా చేశాను. తర్వాత ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున టాంజానియాలో సెకండరీ స్కూళ్ళతో పనిచేశాను. ఇప్పుడు మళ్ళీ ఇక్కడే ఉన్నాను, ఇలాంటి పనికి వెళ్ళేవాళ్ళు అడిగితే నాకు తెలిసింది చెప్తుంటాను.

నాలుగు వారాలు ఎందుకు చాలవో విను. మొదటి వారం పిల్లలు నిన్ను చూడ్డానికి వస్తారు, నీ జడ, నీ బొట్టు, నువ్వు మాట్లాడే ఇంగ్లీషు, అంతా వాళ్ళకి వింతే. రెండో వారానికి నీ పేరు పలకడం వస్తుంది. మూడో వారంలో ఏ గుంటో ధైర్యం తెచ్చుకుని నిన్ను పక్కకి పిలుస్తుంది. రెండు నెలలుగా ముట్టు రాలేదనో, ఇంట్లో ఫలానా మనిషంటే భయమనో చెప్తుంది. నాలుగో వారం నువ్వు విమానం ఎక్కేస్తావు. నీకు చెప్పిన సంగతి ఆ పిల్ల ఇంకెవరికీ చెప్పలేదు, ఇక చెప్పదు కూడా. ఆ తర్వాత ఇంకో వాలంటీర్ వస్తే, నీకు చెప్పి ఏం ఒరిగిందని మూతి ముడుచుకుని కూర్చుంటుంది. డబ్బులు పోతే సంపాదించుకోవచ్చు, ఈ నష్టాన్ని మాత్రం తిరిగి పూడ్చలేం.

నర్సింగ్ చదివినవాళ్ళకి ఇంకో ఎర కూడా వేస్తారు, అనాథాశ్రమంలో పిల్లలకు హెల్త్ చెకప్ అని. ఆ జోలికి అసలు పోకు. నేపాల్‌లో, కంబోడియాలో విదేశీ వాలంటీర్లు ఇచ్చే డబ్బు కోసమే నడిచిన ఆశ్రమాలు బయటపడ్డాయి. అక్కడ ఉన్న పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో బతికే ఉన్నారు. వాలంటీర్లు వస్తున్నారు కాబట్టే పిల్లల్ని ఊళ్ళ నుంచి తెచ్చి పెట్టారు. అలాగే నీ చేతికి సూది ఇచ్చి కానివ్వమంటే ఒప్పుకోకు. ఆ దేశపు నర్సింగ్ కౌన్సిల్లో నీ పేరు లేనప్పుడు నువ్వు అక్కడ నర్సువి కావు. ఇక్కడ రిజిస్ట్రేషన్ ఉంది కదా అంటే చెల్లదు.

డబ్బు అడిగేవాళ్ళంతా దొంగలని నేననను. విద్యార్థులకు ఆరేసి, ఎనిమిదేసి వారాల ట్రిప్పులు నడిపేవాళ్ళలో పద్ధతిగా నడిపేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళ ఫీజులో దాపరికం ఉండదు. నీకు ఫోన్ చేసినవాళ్ళు ఏ రకమో తెలియాలంటే కొన్ని అడుగు. అక్కడ నన్ను రమ్మన్నది ఎవరు, ఆ బడి పేరేంటి, హెడ్మాస్టరుతో నేను మాట్లాడొచ్చా? నాకంటే ముందు వచ్చిన వాలంటీరు ఏం చేసింది, ఎక్కడ ఆపింది, నేను అక్కణ్ణుంచే మొదలుపెడతానా? పిల్లల రక్షణ కోసం మీరు రాసుకున్న నియమాలేంటి, నా పోలీస్ సర్టిఫికెట్ అడగరేం? ఈ ఆఖరి ప్రశ్న బాగా పనికొస్తుంది. పిల్లల మధ్యకి ఒక పరాయి మనిషిని పంపుతూ పోలీస్ క్లియరెన్స్ అడగని సంస్థ ఆ పిల్లల్ని పట్టించుకోదు, నిన్ను మాత్రం పట్టించుకుంటుందా? వైద్య బీమా ఉందా, ఒంట్లో బాగోకపోతే వేరే దేశానికి తరలించే ఖర్చు అందులో కలిసిందా, ఇది కూడా అడుగు. వెంటనే అడగాల్సింది ఇంకొకటుంది, ఏ వీసా మీద తీసుకెళ్తారని.

వీసా గురించి కాస్త గట్టిగానే చెప్తాను. చాలా దేశాల్లో టూరిస్టు వీసా మీద వెళ్ళి జీతం లేకుండా పనిచేసినా అది పనే, నేరమే. టాంజానియాలో వాలంటీర్లకు క్లాస్ సి రెసిడెన్స్ పర్మిట్ అని వేరే ఉంటుంది, దానికి పిలిచిన సంస్థే కాగితాలు పెట్టాలి. "ముందు టూరిస్టుగా వచ్చేయండి, తర్వాత చూసుకుందాం" అన్నారంటే ఫోన్ పెట్టెయ్. 2024లో డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి మన ఉత్తరాంధ్ర కుర్రాళ్ళని కంబోడియా తీసుకెళ్ళి, సైబర్ మోసాలు చేయించిన వ్యవహారాన్ని విశాఖ పోలీసులు బయటపెట్టారు గుర్తుందా? వాళ్ళలో చదువుకున్నవాళ్ళూ ఉన్నారు. వాలంటీర్ అనే మాటకి మంచి పేరుంది కాబట్టి ఏజెంట్లు ఇప్పుడు దాన్ని కూడా వాడేస్తున్నారు.

ఇక దారుల సంగతి. నువ్వు వెతికినప్పుడు "యూత్ హెల్త్ ఎడ్యుకేటర్" అనే పేరుతో వచ్చేవాటిలో చాలా వరకు పీస్ కోర్‌వి. అది అమెరికా ప్రభుత్వ సంస్థ, 1961లో పెట్టారు, అమెరికా పౌరుల్నే తీసుకుంటుంది. కాబట్టి ఆ ఫారాలు నింపుతూ కూర్చోకు. మన దేశానికి కూడా వాళ్ళు 1961 నుంచి 1976 దాకా వచ్చారు. వాళ్ళ పద్ధతిని మాత్రం ఒకసారి చూడు. ఒక్కొక్కరు మొత్తం 27 నెలలు ఉంటారు, అందులో మొదటి మూడు నెలలు శిక్షణే. ఆ ఊళ్ళో ఒక కుటుంబంతో ఉంటూ, వాళ్ళు తినేది తింటూ, వాళ్ళ భాష నేర్చుకుంటారు. అంత డబ్బున్న దేశమే మూడు నెలలు కేవలం నేర్చుకోవడానికి కేటాయించిందంటే, నాలుగు వారాల్లో అంతా అయిపోతుందనేవాళ్ళని ఏమనాలి?

నీకు కుదిరే పెద్ద దారి ఐక్యరాజ్యసమితి వాలంటీర్లు, యూఎన్‌వీ అంటారు. ఆఫీసు జర్మనీలో బాన్ నగరంలో ఉంది. 18 నుంచి 26 ఏళ్ళ వాళ్ళకి యూత్ వాలంటీర్ అని వేరే వర్గం ఉంది, అందులో పెద్దగా అనుభవం అడగరు. 27 నిండితే స్పెషలిస్టు వర్గం, అక్కడ అనుభవం కావాలి. అంటే నీకు ఇంకా మూడేళ్ళ పైగా సమయం ఉంది. ఎంపికైతే నెలనెలా జీవన భృతి, ప్రయాణం, బీమా వాళ్ళే చూస్తారు. ఏ దశలోనూ పైసా అడగరు. యూఎన్‌వీ పేరు చెప్పి ఎవరైనా "ప్రాసెసింగ్ ఫీజు" అన్నారంటే అది మోసమే, ఇంక ఆలోచించక్కర్లేదు. వాళ్ళ వెబ్‌సైట్‌లో ప్రొఫైల్ పెట్టుకో, పోస్టు పడినప్పుడల్లా చూసుకుని అప్లై చెయ్యి. పోటీ గట్టిగా ఉంటుంది, ఆరు నెలలు జవాబు రాకపోయినా నిరాశ పడకు. మన దేశంలోనే పనిచేసే జాతీయ వాలంటీరు పోస్టులు కూడా అందులోనే పడతాయి. నేనైతే ముందు వాటికే పెట్టమంటాను. ఇంట్లో కూర్చుని చేసే ఆన్‌లైన్ వాలంటీరింగ్ కూడా అక్కడే ఉంది, వారానికి 20 గంటలకు మించదు. ఏదో దేశంలో ఓ చిన్న సంస్థకి పోస్టర్లు, శిక్షణ పాఠాలు రాసిపెట్టడం లాంటి పని. మీ ఆసుపత్రి డ్యూటీ మానక్కర్లేదు, పైగా బయటి దేశం వాళ్ళతో ఈమెయిళ్ళలో ఎలా మెలగాలో అలవాటవుతుంది.

వీఎస్ఓ అని బ్రిటన్‌లో 1958లో పుట్టిన సంస్థ ఉంది, ఎంఎస్ఎఫ్ అనే అంతర్జాతీయ వైద్య సేవా సంస్థలో హెల్త్ ప్రమోటర్ అని ఒక ఉద్యోగం ఉంది. రెండింటికీ చేతిలో అనుభవం కావాలి, రెండు మూడేళ్ళ తర్వాత చూడు. జర్మనీలో ఎఫ్‌ఎస్‌జే అని 27 ఏళ్ళ లోపు వాళ్ళకి ఏడాది స్వచ్ఛంద సేవ ఉంది. దాన్ని ఇప్పుడు మన కన్సల్టెన్సీలు తెగ అమ్ముతున్నాయి. మంచి పథకమే, కానీ అక్కడ చేసేది ఎక్కువగా వృద్ధాశ్రమాల్లో, ఆసుపత్రుల్లో సాయం, పైగా జర్మన్ భాష రావాలి. నువ్వు కోరుకున్న పని అది కాదు.

నేపాల్ సంగతి చాలామందికి తట్టదు. మనకి వీసా అక్కర్లేదు, రోడ్డు మీద వెళ్తే ఓటరు కార్డు చాలు. అక్కడి పశ్చిమ జిల్లాల్లో ముట్టయిన ఆడపిల్లని ఇంటి బయట గుడిసెలో ఉంచే ఆచారాన్ని ఛౌపదీ అంటారు. 2005లో అక్కడి సుప్రీంకోర్టు వద్దంది, 2017లో చట్టం తెచ్చి నేరం చేశారు, అయినా పూర్తిగా పోలేదు. ఆ పిల్లలతో మాట్లాడాల్సి వస్తే, ఇంట్లో చాపా కంచం విడిగా పెట్టడం చూసి పెరిగిన నీకు, ఏ లండన్ అమ్మాయికీ అర్థం కానిది ఒకటి అర్థమవుతుంది. కూతుర్ని గుడిసెకి పంపే ఆ తల్లి చెడ్డది కాదు, భయపడుతోంది, అంతే.

అసలు పని ఎలా ఉంటుందో కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామంది దీన్ని స్టేజీ ఎక్కి ఉపన్యాసం ఇవ్వడం అనుకుంటారు. టాంజానియాలో ప్రైమరీ చదువంతా స్వాహిలిలో సాగుతుంది, సెకండరీకి రాగానే ఇంగ్లీషులోకి మారుస్తారు. తెలుగు మీడియం నుంచి ఇంటర్‌కి వచ్చిన మన పిల్లల్లాగే వాళ్ళూ బోర్డు మీద రాసింది ఎక్కించుకుంటారు గానీ నోరు తెరవరు. అడగండి, అడగండి అంటే గది నిశ్శబ్దం. అందుకని చెప్పుల డబ్బా ఒకటి తీసుకుని మూతకి సన్నగా కోసేదాన్ని. అందరికీ ఒకే సైజు కాగితం, ఒకే రకం పెన్సిల్. ఎవరి పెన్ను ఏ రంగో పక్కవాళ్ళకి తెలిసిపోతుంది కాబట్టి పెన్ను వద్దు. అడగడానికి ఏమీ లేనివాళ్ళు కూడా "ఏమీ లేదు" అని రాసి వేయాల్సిందే, లేకపోతే చీటీ వేసినవాళ్ళెవరో పట్టుబడిపోతారు. ఏ భాషలో రాసినా సరే. ఆ చీటీలు సాయంత్రం అక్కడి టీచరుతో కూర్చుని చదివి, మర్నాడు జవాబు చెప్పాక, పిల్లల కళ్ళ ముందే చింపేసేవాళ్ళం. చింపడం చూశాకే రెండో రోజు చీటీల్లో నిజమైన ప్రశ్నలు వచ్చేవి.

ఆ ప్రశ్నలు చూస్తే నీకు నవ్వూ వస్తుంది, దుఃఖమూ వస్తుంది. మొదటిసారి కలిస్తే కడుపు రాదు కదా? నిద్రలో వీర్యం పోతే బలం తగ్గిపోతుందా? హెచ్ఐవీ ఉన్న అన్నయ్య గ్లాసులో నీళ్ళు తాగొచ్చా? విజయనగరం హాస్టళ్ళలో కూడా రెండోది అచ్చం అలాగే వస్తుంది, రైల్వే స్టేషన్ గోడల మీద పెయింటు వేసిన "గుప్త రోగాల" ప్రకటనలే మన కుర్రాళ్ళకి ఇన్నాళ్ళూ పాఠ్యపుస్తకం. ఆడపిల్లల డబ్బాలో ఇక్కడ ఎప్పుడూ వచ్చే ప్రశ్న, ముట్టులో ఆవకాయ జాడీ తాకితే బూజు పడుతుందా అని. పదో తరగతి జీవశాస్త్రంలో పునరుత్పత్తి పాఠం ఉండనే ఉంది, కానీ "ఇంటి దగ్గర చదువుకోండి" అని పేజీలు తిప్పేసే మాస్టార్లే ఎక్కువ.

ఒకటి గమనించావా, జవాబు చెప్పింది నేను కాదు, అక్కడి టీచరు. నేను వెనకాల కుర్చీలో ఉండేదాన్ని. ఆమె స్వాహిలిలో చెప్తుంటే పిల్లల ముఖాలు చూస్తూ ఎక్కడ తల దించుకున్నారో రాసుకునేదాన్ని. నువ్వు ఉండేది ఏడాదో రెండేళ్ళో, ఆమె ఆ ఊళ్ళోనే ఉంటుంది. కాబట్టి నీ విద్యార్థులు ముందు ఆ టీచర్లు, క్లాసులో కాస్త చొరవ ఉన్న నలుగురైదుగురు పిల్లలు, ఆ తర్వాతే మిగతావాళ్ళు. వెళ్ళిన కొత్తలో ఇది చాలామందికి మింగుడు పడదు, అంత దూరం వచ్చి వెనక కూర్చోవడమేంటని.

ఆ దేశపు చట్టం తెలియకుండా నోరు విప్పడం కూడా ప్రమాదమే. టాంజానియాలో కడుపుతో ఉన్న ఆడపిల్లని ప్రభుత్వ బడి నుంచి పంపించేసేవాళ్ళు, బిడ్డ పుట్టాక కూడా రానిచ్చేవాళ్ళు కాదు. 2021 నవంబరులో ఆ నిషేధం ఎత్తేశారు. 1971 వివాహ చట్టం ప్రకారం తల్లిదండ్రులు ఒప్పుకుంటే పదిహేనేళ్ళకే అమ్మాయి పెళ్ళి చేయొచ్చని రాసుంది. అది రాజ్యాంగానికి విరుద్ధమని అక్కడి హైకోర్టు 2016లో చెప్తే, 2019లో పైకోర్టు సమర్థించింది. ఇవన్నీ తెలియకుండా వెళ్ళి, ఒక పిల్ల నీతో తన సంగతి చెప్పుకుంటే, ఎవరికి చెప్పాలి, ఎవరికి చెప్పకూడదు? తప్పుడు మనిషికి చెప్తే ఆ పిల్ల చదువు పోవచ్చు. మన దగ్గర పోక్సో ఉన్నట్టే ప్రతి దేశానికీ తన చట్టం ఉంటుంది. వెళ్ళే ముందే అది సంస్థని అడిగి చదువుకో.

ఇప్పుడు ఇక్కడ ఏం చేయాలన్నది. నా మాట కాస్త కటువుగా అనిపించొచ్చు: కవిటిలో చేయని పని ఘనాలోని కుమాసీలో చేయలేవు. ఇక్కడ నీకు భాష వచ్చు, కులం గొడవలు తెలుసు, ఏ ఇంట్లో మాట చెల్లుతుందో తెలుసు. ఇన్ని తెలిసీ పదో తరగతి పిల్లల్ని కదిలించలేకపోతే అక్కడ ఏం చేస్తావు?

ప్రభుత్వంలో రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం అని 2014 నుంచి ఉంది, 10 నుంచి 19 ఏళ్ళ పిల్లల కోసం. పోషణ, మానసిక ఆరోగ్యం, మత్తు అలవాట్లు, హింస, లైంగిక ఆరోగ్యం, బీపీ షుగర్ లాంటివి, అన్నీ అందులో ఉన్నాయి. ఊరి పిల్లల్లోంచే పీర్ ఎడ్యుకేటర్లని, అంటే తోటి పిల్లలకు ఆరోగ్యం గురించి చెప్పేవాళ్ళని, తయారుచేయాలని అందులో రాసుంది. చాలా ఊళ్ళలో అది రిజిస్టరు దాటి బయటికి రాలేదు, అదే నీకు అవకాశం. మీ పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసరు దగ్గరికి వెళ్ళి, సెలవు రోజుల్లో పీర్ ఎడ్యుకేటర్ల మీటింగు నేను పెడతానని అడుగు. వద్దనరు, పని తగ్గుతుందంటే ఎవరు వద్దంటారు? ముందు ఆశా కార్యకర్తతో స్నేహం చేసుకో, ఊళ్ళో ఆమె చేయి పట్టుకోకుండా ఏ గుమ్మమూ ఎక్కలేవు. విలేజ్ హెల్త్ క్లినిక్‌ల్లో ఎంఎల్‌హెచ్‌పీ (ఊళ్ళో క్లినిక్ చూసుకునే నర్సు) పోస్టులకి నోటిఫికేషన్ పడితే మాత్రం ప్రైవేటు ఆసుపత్రి వదిలేసి అటు వెళ్ళు. బీఎస్సీ నర్సింగ్ వాళ్ళకే అది, అక్కడ ఒక్క ఏడాది చేసినా ఆసుపత్రిలో ఐదేళ్ళ కంటే నీ దరఖాస్తులో బరువుంటుంది.

ఒక కస్తూర్బా స్కూల్లో చూసింది చెప్తాను. ఐరన్ మాత్రలు, నీలం రంగువి, వారానికొకటి ఇస్తారు కదా. ఇచ్చిన రోజు సాయంత్రం హాస్టల్ వెనక గోడ దగ్గర కాలవలో నీళ్ళు నీలంగా పారుతున్నాయి. పిల్లలు మింగినట్టు నటించి అక్కడ ఉమ్మేశారు. వాళ్ళకి హిమోగ్లోబిన్ గురించి అంతకుముందు రెండు క్లాసులు అయ్యాయి, అందరికీ జవాబులన్నీ వచ్చు. సమస్య వేరే ఉంది. మాత్ర పొద్దున్నే పరగడుపున ఇస్తున్నారు, కడుపులో తిప్పుతోంది. మర్నాడు మలం నల్లగా అయ్యేసరికి ఒక పిల్ల భయపడి ఏడ్చింది. ఇది పిల్లలు పుట్టకుండా చేసే మాత్ర అని ఎవరో పుకారు లేపారు. చేసిందల్లా ఏమిటంటే, మాత్రని మధ్యాహ్న భోజనం తర్వాతికి మార్చారు. నల్లగా అవుతుంది, అది ఐరనే, ఏమీ కాదని ముందే చెప్పారు. వెంటనే టీ తాగొద్దన్నారు. వార్డెన్ అందరి ముందూ తాను ఒకటి మింగింది. తర్వాతి వారం కాలవ మామూలుగానే ఉంది. దేశంలో 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత అని 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఆ అంకెని పోస్టరు మీద రాస్తే తగ్గదు, ఇలా గోడ వెనక్కి వెళ్ళి చూస్తే కాస్త తగ్గుతుంది. ఇంటర్వ్యూలో "నువ్వు చేసిన ఒక పని చెప్పు" అంటారు, అప్పుడు ఇలాంటిది చెప్పగలగాలి. కాబట్టి ఒక నోటుబుక్కు పెట్టుకుని రాసుకో: ఎవరితో మాట్లాడావు, వాళ్ళు ఏం అడిగారు, తర్వాత ఏం మారింది, ఏం మారలేదు.

ఉద్దానం పిల్లవి నువ్వు, దాని విలువ నీకు తెలిసినట్టు లేదు. మీ కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం వైపు కిడ్నీ జబ్బు ఎలా వచ్చిందో ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో వరి రైతులకీ, నికరాగ్వా, ఎల్ సాల్వడార్ చెరకు తోటల్లో కూలీలకీ ఇలాంటి జబ్బే ఉంది, అక్కడా పూర్తిగా తేలలేదు. ఎండలో గంటల తరబడి పని, ఒంట్లో నీరు తగ్గిపోవడం, నొప్పి మాత్రలు మింగేయడం, తాగే నీరు, ఇలా చాలా వాటిని అనుమానిస్తున్నారు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి తెరిచారు. డయాలసిస్ గదిలో పిల్లల్ని ఒడిలో పెట్టుకుని కూర్చున్న ఆడవాళ్ళని నువ్వు చూసే ఉంటావు. కారణం తెలియని జబ్బు గురించి జనానికి అబద్ధం చెప్పకుండా, భయపెట్టకుండా మాట్లాడడం చాలా కష్టమైన విద్య. "ఇది తెలియదు, కానీ ఇది చేస్తే మంచిది" అని చెప్పడం: నీడలో కాసేపు ఆగడం, నీళ్ళు తాగడం, మెడికల్ షాపులో అడిగి డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్ర వేసుకోకపోవడం, ఏడాదికోసారి బీపీ, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూపించుకోవడం. ఇంటర్ చదివే కుర్రాళ్ళే వేసవిలో జీడితోటల్లో, కొబ్బరి తోటల్లో కూలికి వెళ్తారు కాబట్టి ఇది యువత ఆరోగ్యమే. సీతంపేట ఏజెన్సీ వైపు సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తజబ్బు గురించి కూడా కాస్త తెలుసుకో. ప్రపంచంలో ఆ జబ్బు బరువు ఎక్కువ మోసే దేశాల్లో నైజీరియా, కాంగో, టాంజానియాలతో పాటు మనమూ ఉన్నాం. ఈ రెండు విషయాల మీద పనిచేసిన 25 ఏళ్ళ నర్సంటే ఎక్కడైనా కుర్చీ వేసి కూర్చోబెడతారు.

ఇంగ్లీషు గురించి బెంగ పడుతుంటావు. స్పోకెన్ ఇంగ్లీషు కోచింగుకి డబ్బు తగలేయకు. పదమూడేళ్ళ పిల్లకి ముట్టు అంటే ఏంటో పుస్తకం మాటలు లేకుండా పది చిన్న ఇంగ్లీషు వాక్యాల్లో చెప్పి ఫోన్లో రికార్డు చేసుకుని విను. అది వచ్చిందంటే నీకు సరిపడా ఇంగ్లీషు వచ్చినట్టే.

కాగితాల పని తేలికే. పాస్‌పోర్టు ఇప్పుడే తీసుకో, విశాఖ దాకా పోనక్కర్లేదు, శ్రీకాకుళం పోస్టాఫీసు సేవాకేంద్రంలోనే అయిపోతుంది. మామూలు ఫీజు 1500. టెన్త్ సర్టిఫికెట్ తప్పకుండా పెట్టు, అప్పుడే ఈసీఆర్ ముద్ర (కొన్ని దేశాలకి ఉద్యోగానికి వెళ్ళాలంటే ప్రభుత్వ అనుమతి కావాలనే ముద్ర) పడదు. ఘనా లాంటి దేశాలకి పసుపు జ్వరం టీకా తప్పనిసరి, వేయించుకున్న పది రోజుల తర్వాతే ఆ కార్డు చెల్లుతుంది, ఆ తర్వాత జీవితాంతం చెల్లుతుంది. కార్డు లేకుండా అక్కణ్ణుంచి తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులోనే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. టీకా మామూలు ఆసుపత్రుల్లో వేయరు, కేంద్రం గుర్తించిన చోటే, ముందుగా తేదీ తీసుకుని వెళ్ళాలి. మలేరియాకి ముందు జాగ్రత్త మాత్రలు డాక్టరు రాస్తారు. డాక్సీసైక్లిన్ రాస్తే తిరిగొచ్చాక కూడా నాలుగు వారాలు వేసుకోవాలి, ఇంటికొచ్చేశాం కదా అని చాలామంది మధ్యలో ఆపేస్తారు. వచ్చిన తర్వాత నెలల్లో ఎప్పుడు జ్వరం వచ్చినా ఎక్కడికి వెళ్ళొచ్చావో డాక్టరుకి ముందు ఆ మాటే చెప్పు.

అమ్మానాన్నల సంగతి ఆఖరికి వదిలేశాను గానీ అది చిన్నదేమీ కాదు. మన జిల్లాల వాళ్ళకి దేశం దాటడం కొత్త కాదు, తాతల కాలంలో రంగం (బర్మాలోని రంగూన్) వెళ్ళారు, ఇప్పుడు గల్ఫ్ వెళ్తున్నారు. ఏజెంటుకి డబ్బు కట్టి మోసపోయి, పాస్‌పోర్టు లాక్కున్నారని ఏడుస్తూ ఫోన్ చేసిన కుర్రాడు ప్రతి ఊళ్ళోనూ ఒకడుంటాడు. మీ నాన్నకి గుర్తుకొచ్చేది ఆ కుర్రాడే. పైగా నువ్వు చూపించింది కూడా డబ్బు అడిగే సంస్థనే, ఆయన వద్దనడంలో తప్పేముంది? "మీకు ఏమీ తెలియదు" అని గొడవ పడకు. ఆయనకి కావలసింది నాలుగు సంగతులు: ఎక్కడ పడుకుంటావు, ఒంట్లో బాగోకపోతే ఎవరు చూస్తారు, ఎవరికి ఫోన్ చేయాలి, ఎప్పుడు తిరిగొస్తావు. సరైన సంస్థ దొరికిన రోజు ఈ నాలుగూ కాగితం మీద రాసి ఆయన చేతికియ్యి. అక్కడి కోఆర్డినేటరుతో అమ్మని వీడియో కాల్లో మాట్లాడించు, భాష రాకపోయినా మనిషి ముఖం చూస్తుంది కదా. సంబంధాల విషయం మీ ఇంటి వ్యవహారం, నేను వేలు పెట్టను. రెండేళ్ళు ఆగమని నువ్వు అడిగేటప్పుడు, ఆ రెండేళ్ళూ ఊరికే కూర్చోకుండా ఎంఎల్‌హెచ్‌పీ పోస్టుకో, యూఎన్‌వీకో దరఖాస్తు పెట్టి చూపిస్తే నీ మాటకి విలువ ఉంటుంది. కొన్నాళ్ళు మీ ఊరి పిల్లలతో పని చేస్తూ కనిపిస్తే, ఊళ్ళో వాళ్ళే మీ నాన్నతో నీ గురించి మంచిగా మాట్లాడతారు. ఆ మాట నీ నోటి నుంచి వచ్చిన దానికంటే ఎక్కువ పనిచేస్తుంది.

పైన రాసిన ప్రశ్నలు ఆ ఘనా సంస్థకి ఈమెయిల్లో పంపు, ఫోన్లో వద్దు, రాతలో ఉండాలి. వాళ్ళేం జవాబిచ్చారో ఇక్కడే పెట్టు, చూసి చెప్తాను. వాళ్ళు "సీట్లు అయిపోతున్నాయి, ఈ వారంలో అడ్వాన్సు కట్టండి" అంటే మాత్రం నన్ను అడగక్కర్లేదు, నంబరు బ్లాక్ చేసెయ్.